12 అడుగుల ముగ్గు ఒక పక్కకు ఎందుకు లాగేస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్. ఈసారి భోగికి కింద పార్కింగ్‌లో 12 అడుగుల రంగుల ముగ్గు వేసే పని మీకు అప్పజెప్పారు. గుమ్మం ముందు రెండు మూడు అడుగుల ముగ్గు ఎప్పుడు వేసినా ముచ్చటగా వస్తుంది. పెద్దది మొదలుపెడితే మాత్రం ఒక పక్క రేకులు లావుగా, ఎదురు పక్క బక్కగా వస్తాయి, చివరి రేకుకు చోటు మిగలదు, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చెయ్యి తిరగకపోవడమే కారణమా, ఎంత పొడి కొనాలి, నలుగురు కలిసి వేస్తే పని ఎలా పంచుకోవాలి?

చెయ్యి బాగా తిరిగినవాళ్ళకే ఈ ఇబ్బంది ఎక్కువండీ. చిన్న ముగ్గుకు కొలత మన చేతిలోనే ఉంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా మణికట్టు తిప్పినంత మేర ఒక రేకు, జానెడు దూరంలో ఇంకోటి, ముగ్గంతా ఒకే చూపులో కనిపిస్తూ ఉంటుంది. అదే అలవాటుతో 12 అడుగులకు దిగితే కన్ను మోసం చేస్తుంది. కింద కూర్చున్న మనిషికి తన ముందున్న రేకు పెద్దదిగా, అవతలి రేకు చిన్నదిగా కనిపిస్తుంది. చిన్నగా కనిపించినదాన్ని మనకు తెలియకుండానే కాస్త పెంచి గీసేస్తాం. అందుకే పెద్ద ముగ్గులో కొలత చేతి నుంచి తాడుకు మారాలి. రంగు ప్యాకెట్ విప్పకముందే, వట్టి చాక్‌పీస్ గీతల్లోనే ముగ్గు కుదిరిందో లేదో తేలిపోవాలి. ఆ తర్వాత చేసేదంతా అలంకారమే.

ముందు నేల సంగతి. మన సిటీలో పార్కింగ్‌లు ఎక్కువగా గరుకు టైల్సో, సిమెంటో, పాత అపార్ట్‌మెంట్ అయితే షాబాదు బండలో. బండల సందులు, టైల్స్ గీతలు సూటిగా ఉన్నాయి కదా అని వాటినే అడ్డగీత, నిలువుగీతగా వాడుకోవాలనిపిస్తుంది. వాడకండి. షాబాదు బండలు పరిచేటప్పుడు మేస్త్రీ గోడను బట్టి పరుస్తాడు, ఆ గోడే కొంచెం వంకరగా ఉండొచ్చు. రెండు అడుగుల మేర కనపడని తేడా పన్నెండు అడుగులకు బాగా కనిపిస్తుంది. టైల్స్ గీతల్ని చూసి మీరు గీసిన వృత్తం సొట్టగా ఉందన్న భ్రమ కూడా కలుగుతుంది. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గానే ఉంటుంది.

మధ్య చుక్క ఎక్కడ పెట్టాలన్నది పిల్లర్లను బట్టి కాదు, చూసేవాళ్ళను బట్టి. లిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, గేటు లోంచి వచ్చేవాళ్ళు ఎక్కడ ఆగి చూస్తారో ఆ దారికి ఎదురుగా ముగ్గు నిలువుగీత ఉండాలి. చుట్టూ మనిషి నడిచేంత, అంటే రెండు అడుగులైనా వదలండి. కార్లు ఎటు తిరుగుతాయో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుంటే మంచిది, ఆ విషయం సెక్రటరీ కంటే ఆయనకే బాగా తెలుస్తుంది.

మధ్య చుక్క గుండా ఒక నిలువుగీత పొడుగ్గా కొట్టండి. దానికి సరిగ్గా అడ్డంగా ఇంకో గీత రావాలి. ఇక్కడ మేస్త్రీలు మూల చూసుకునే 3-4-5 లెక్క వాడండి. మధ్య చుక్క నుంచి నిలువుగీత మీద 3 అడుగుల దగ్గర ఒక గుర్తు. అడ్డం వైపు 4 అడుగుల దగ్గర, అటూ ఇటూ జరపగలిగేలా, ఇంకో గుర్తు. ఈ రెండు గుర్తుల మధ్య టేపు పెడితే సరిగ్గా 5 అడుగులు వచ్చిన చోట రెండో గుర్తు ఖాయం చేయండి. మూల 90 డిగ్రీలు కుదిరినట్టే. ఆ గుర్తు గుండా అడ్డగీతను రెండు వైపులా సాగదీయండి.

తర్వాత వృత్తం. చాలామందికి వృత్తం మొదలైన చోట కలవదు, కారణం తాడు. సుతిలి లాగినకొద్దీ సాగుతుంది. మీరు ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకుంటే అరంగుళం అటూ ఇటూ అవుతుంది. అట్టపెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పట్టీ గానీ, సన్నటి బైండింగ్ వైరు గానీ సాగదు, అది వాడండి. ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. మధ్యలో మేకుకో, స్క్రూడ్రైవర్‌కో తాడు బిగించి ముడేస్తే, మీరు చుట్టూ తిరిగేకొద్దీ తాడు దానికి చుట్టుకుంటూ పొట్టిదవుతుంది. అందుకని ముడి కాకుండా, వేలు దూరేంత వదులుగా ఉచ్చు వేయండి, స్వేచ్ఛగా తిరగాలి. టైల్స్ మీద మేకు దిగదు కాబట్టి ఒకరు స్క్రూడ్రైవర్‌ను నిటారుగా మధ్య చుక్క మీద అదిమిపట్టి కూర్చోవాలి. ఆ మనిషి కదలకపోవడం చాలా ముఖ్యం, ఫోన్ మాట్లాడేవాళ్ళకు ఈ పని ఇవ్వొద్దు.

6 అడుగుల తాడుతో బయటి వృత్తం గీశాక, రెండు గీతలూ వృత్తాన్ని తాకిన నాలుగు చోట్లా గుర్తులు పెట్టి పక్కపక్క గుర్తుల మధ్య దూరం కొలవండి. నాలుగు దూరాలూ 8 అడుగుల 5 ముప్పావు అంగుళాలు రావాలి. పావు అంగుళం అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. అంతకు మించి తేడా ఉంటే ఇప్పుడే సరిచేయండి, దీని మీదే మిగతాదంతా నిలబడుతుంది.

ఇక భాగాలు చేయడం. ఎన్ని రేకులు అన్నది ఇష్టమొచ్చినట్టు పెట్టుకోకండి, 12 తీసుకోండి. అదే 6 అడుగుల తాడును నాలుగు గుర్తుల్లో ఒకదాని మీద పెట్టి వృత్తం మీద కుడికి ఒక గాటు, ఎడమకు ఒక గాటు పెట్టండి. నాలుగు గుర్తుల నుంచీ అలాగే చేస్తే ప్రతి పావు భాగంలోనూ రెండేసి కొత్త గాట్లు పడి మొత్తం 12 సమాన భాగాలు వచ్చేస్తాయి. వృత్తం ఎంత పెద్దదైనా, దాన్ని గీసిన తాడుతోనే ఆరు, పన్నెండు భాగాలు చేయొచ్చు, లెక్క వేయనక్కర్లేదు. ఎనిమిది కావాలంటే పక్కపక్క గుర్తుల మధ్యకు చీల్చుకోవాలి. 5 రేకులు కావాలనుకునేవాళ్ళు వ్యాసార్ధాన్ని 1.176తో గుణించి ఆ దూరంతో గాట్లు పెట్టుకోవాలి. 6 అడుగులకు అది 84 అంగుళాల పైన ఇంకో అరంగుళం దాటుతుంది. పెద్ద ముగ్గుకు ఐదు నేను సలహా ఇవ్వను, ఎదురెదురు రేకులు ఉండవు కాబట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

ఒక చోట మొదలుపెట్టి చుట్టూ కొలుచుకుంటూ పోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మీ చివరి రేకుకు చోటు మిగలకపోవడం సరిగ్గా దీనివల్లే. ఒక్కో రేకుకు పావు అంగుళం తప్పు జరిగితే 24 రేకులు తిరిగి వచ్చేసరికి 6 అంగుళాలు, అదంతా ఒక్క చివరి రేకు మీద పడుతుంది. నాలుగు గుర్తుల నుంచి విడివిడిగా కొలిస్తే ఏ తప్పు జరిగినా దాని పావు భాగంలోనే ఆగిపోతుంది.

12 అనడానికి ఇంకో కారణం రంగులు. రేకుల్లో రంగులు వరసగా తిరిగి రావాలంటే రేకుల సంఖ్య రంగుల సంఖ్యతో తెగాలి. 16 రేకుల్లో మూడు రంగులు పెడితే చివర ఒకే రంగు రేకులు రెండు పక్కపక్కన పడతాయి. 12 అయితే రెండు, మూడు, నాలుగు, ఆరు దేనికైనా తెగుతుంది. గీత సరిగ్గా ఉన్నా రంగు వరస తప్పితే ముగ్గు వంకరగానే కనిపిస్తుంది.

లోపలి వృత్తాలు సమాన దూరంలో పెట్టకండి. అలా పెడితే విలువిద్య పోటీల్లో గురిచూసే పలకలా ఉంటుంది. మీ 12 అడుగులకు నేనైతే మధ్యలో అడుగున్నర వ్యాసార్ధంతో చిన్న పద్మం, అక్కడి నుంచి మూడున్నర అడుగుల దాకా 12 రేకులు, ఆపైన 5 అడుగుల వరకు తీగలు, హంసలు లాంటివి, చివర అడుగు వెడల్పు అంచు పెడతాను. మూడున్నర అడుగుల వృత్తం దగ్గర 12 భాగాలు చేస్తే ఒక్కోటి 21 ముప్పావు అంగుళాలు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. బయటి అంచు దగ్గర అవే 12 అయితే ఒక్కోటి మూడు అడుగుల పైనే వచ్చి బోసిగా ఉంటుంది. అందుకని అంచులో ఒక్కో భాగాన్ని రెండుగా చీల్చి 24 చేసుకోండి, ఒక్కోటి 18 ముప్పావు అంగుళాలు వస్తుంది.

హంసలు, నెమళ్ళు పెట్టేవాళ్ళు ముందే ఒకటి తేల్చుకోవాలి. అన్నీ ఒకే వైపు చూస్తూ చుట్టూ తిరుగుతాయా, లేక జంటలుగా ఎదురెదురుగా చూస్తాయా? చుట్టూ తిరిగేవైతే ఒకే అచ్చు చాలు, తిప్పుకుంటూ పోవడమే. జంటలైతే అచ్చును ఒకటి వదిలి ఒకటి బోర్లించాలి. సగం దూరం వెళ్ళాక మనసు మార్చుకుంటే కుదరదు. కనుమకు వేసే రథం ముగ్గు సంగతి వేరు, దానికి ఒక్క నిలువుగీతకు అటూ ఇటూ ఒకేలా ఉంటే చాలు, వృత్తంతో పని లేదు.

అచ్చు అంటే స్టెన్సిల్ కాదు. ముగ్గు జల్లెడలు, ప్లాస్టిక్ స్టెన్సిళ్ళు అంచులకు బాగుంటాయి కానీ పెద్ద రేకుకు మీ కొలతకు సరిపడేవి దొరకవు. పాత న్యూస్‌పేపర్‌ను నేల మీద ఒక భాగంలో రెండు గీతల మధ్య పరవండి. మధ్యకు మడత పెట్టి, సగం రేకు గీసి, మడత మీదే కత్తిరించి విప్పితే రెండు పక్కలా అచ్చంగా ఒకేలా ఉండే రేకు వస్తుంది. మడత గీత సరిగ్గా భాగం మధ్యలో ఉండేలా పెట్టి చుట్టూ చాక్‌పీస్‌తో గీసుకుంటూ పోండి. పేపర్ రెపరెపలాడుతుంటే అట్ట మీద అతికించి కోయండి, పాత ఫ్లెక్సీ ముక్క దొరికితే ఇంకా మేలు.

చుక్కల ముగ్గే వేయాలని మీ అత్తగారు పట్టుబడుతున్నారని రాశారు. అదీ పెద్దగా వేయొచ్చు, కాకపోతే అందులో వంకర ఇంకో దారిలో వస్తుంది. ఉదాహరణకు '15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చే వరకు' తీసుకుందాం. మధ్య వరసలో 15, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గుతూ 8 దాకా. మొత్తం 15 వరసలు, 169 చుక్కలు. ఆరు మూలల ఆకారం రావాలి. కానీ చాలామంది చుక్కకూ చుక్కకూ ఎంత దూరం ఉంచారో వరసకూ వరసకూ అంతే ఉంచుతారు. సందు చుక్క పక్క చుక్కల మధ్యలోకి జరుగుతుంది కాబట్టి వరసల దూరం కొంచెం తక్కువ ఉండాలి. చుక్కల మధ్య 8 అంగుళాలు ఉంటే వరసల మధ్య 7. ఎనిమిదికి ఏడు అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ లెక్కన మధ్య వరస 112 అంగుళాలు, అంటే 9 అడుగుల 4 అంగుళాలు, నిలువు 98 అంగుళాలు వస్తుంది. వరసల మధ్య కూడా 8 పెడితే నిలువు 14 అంగుళాలు పెరిగి, నడుమ గుండ్రంగా రావాల్సిన పద్మం గుడ్డులా సాగిపోతుంది. చిన్న ముగ్గులో వేళ్ళు ఈ తేడాను వాటంతటవే సర్దుకుంటాయి, పెద్దదాంట్లో కర్ర ముక్కలు రెండు, ఒకటి 8, ఒకటి 7 అంగుళాలకు కోసుకుని కొలవాల్సిందే. ఎదురు చుక్కల ముగ్గుకు ఈ బాధ లేదు, రెండు దూరాలూ ఒకటే. రంగులు నింపే ఉద్దేశం ఉంటే మెలికల ముగ్గు వద్దు, గళ్ళు చిన్నవైపోయి రంగు పట్టవు.

ఎంత కొనాలి? 6 అడుగుల వ్యాసార్ధం వృత్తం దాదాపు 113 చదరపు అడుగులు, అంటే పదిన్నర చదరపు మీటర్లు. మిల్లీమీటరు మందాన నింపినా పదిన్నర లీటర్ల పొడి పడుతుంది. నేను వాడే పిండి లీటరు డబ్బా కిలోకు పైన, కిలోన్నరకు లోపు తూగుతుంది. మీరు కొన్నదాన్ని కూడా ఒకసారి డబ్బాతో తూచి చూసుకోండి. మొత్తం మీద తెలుపు, రంగులు కలిపి 15 కిలోలకు తగ్గకుండా, చెయ్యి ధారాళంగా పడేవాళ్ళయితే 20 దాకా పెట్టుకోండి. అసలు చిక్కు మొత్తంలో లేదు, పంపకంలో ఉంది. అన్ని రంగులూ సమానంగా కొంటారు, చివరి అంచుకు వచ్చేసరికి కావాల్సిన రంగు అయిపోతుంది. ఎందుకంటే బయటి అడుగు వెడల్పు అంచు ఒక్కటే మొత్తం విస్తీర్ణంలో 30 శాతం దాకా తినేస్తుంది. మూడున్నర అడుగుల నుంచి బయటికి ఉన్నదంతా కలిపితే దాదాపు మూడింట రెండు వంతులు. కాబట్టి బయట ఏ రంగు వాడతారో అది ఎక్కువ కొనండి. పద్మంలోకి ఏ రంగైనా అరకిలో చాలు.

బేగంబజార్‌లో గానీ మోండా మార్కెట్‌లో గానీ పండగ ముందు కిలోల లెక్కన దొరుకుతుంది. పగటి వెలుతురులో కొనండి, ట్యూబ్‌లైట్ కింద రంగు ఛాయ సరిగ్గా తెలియదు. రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. గులాల్ లాగా మెత్తగా, తేలిగ్గా ఉంటే తీసుకోవద్దు, ఎగురుతుంది, టైల్స్‌కు పట్టేస్తుంది, గీత అంచు నిలవదు. సన్న ఇసుకలా చేతిలోంచి జారేది కావాలి. తెల్ల ముగ్గు పిండి మాత్రం మరీ బరకగా ఉంటే గీత తెగుతూ పడుతుంది, మరీ మెత్తగా ఉంటే ఉండలుగా పడుతుంది. మధ్యరకం తీసుకుని, ఎండలో ఒక పూట ఆరబెట్టి, జల్లించి పెట్టుకోండి. ఇంట్లో ఉప్పుకు రంగు కలిపి వాడే అలవాటు ఉంది కొందరికి, సంక్రాంతి మంచుకు అది తేమ పీల్చి రంగు పక్కకు పాకుతుంది. ఇంట్లో రంగు కలిపేటట్టయితే ఒక్కో రంగు మొత్తం ఒకేసారి కలిపేయండి, రెండోసారి కలిపినది అదే ఛాయలో రాదు. కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, రాతి పిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం మంచిది కాదు.

ఇప్పుడు రంగు నింపడం. రంగులు కలిసిపోవడానికి కారణం గీత ముందు వేసి తర్వాత నింపడం. తెల్లగీత వేశాక దాని పక్కన రంగు పోస్తే గింజలు దొర్లి తెలుపు మీద పడతాయి. వరస తిరగేయండి. చాక్‌పీస్ గీత ఉంది కదా, రంగు ముందు నింపండి, చాక్ గీతకు పావు అంగుళం లోపలే ఆగండి, తెల్లగీతను ఆఖర్న ఆ సందు మీదుగా వేయండి. రెండు రంగుల అంచులు ఎంత గజిబిజిగా ఉన్నా ఆ తెలుపు కప్పేస్తుంది.

ఒక రేకు ఎలా నింపుతామో దగ్గర నుంచి చెప్తాను. ముందు టీ వడగట్టే జల్లెడలో తెల్లపిండి వేసి, రేకు మీద జానెడు ఎత్తు నుంచి మెల్లగా తడుతూ పలచగా పొర పరవాలి. నేల రంగు కింద నుంచి కనపడకుండా ఉండడానికి ఇది. షాబాదు బండ బూడిదరంగు మీద పసుపు నేరుగా వేస్తే మురికిగా ఉంటుంది, తెలుపు మీద వేస్తే వెలుగుతుంది. తర్వాత ముదురు రంగును రేకు మొదట్లో, అంటే మధ్య చుక్క వైపు, చేతిని నేలకు ఆనించినంత దగ్గరగా పెట్టి చిటికెలతో గట్టిగా వేయండి. అక్కడి నుంచి చివరి వైపు వెళ్ళేకొద్దీ చేతిని పైకి లేపుతూ రంగు పలచన చేయండి. చేతి ఎత్తు పెరిగితే పొడి విడిపోయి పడుతుంది, కాబట్టి ముదురు నుంచి లేతకు దానంతటదే దిగుతుంది. బ్రష్‌తో పామడం, వేలితో రుద్దడం వద్దు, కింది తెలుపు పైకి వచ్చి బూడిదగా మారుతుంది. ఈ ఛాయ మొదటి రేకుకు ఎక్కడ ముగిసిందో, మధ్య చుక్క నుంచి అంత దూరంలో తాడుతో చాక్‌పీస్ వృత్తం గీసుకుంటే అన్ని రేకులకూ అక్కడే ముగుస్తుంది. ఇది చాలామంది వదిలేస్తారు. గీతలు కొలుస్తారు, ఛాయలు కొలవరు.

తెల్లగీతకు పిడికిలిలో పిండి నింపి, చూపుడువేలు పక్క మీంచి బొటనవేలితో తోస్తూ వదలాలి. గీత మందం వేళ్ళ బిగువు కంటే చేతి వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది, వేగం మారితే గీత కడ్డీలా, దారంలా మారుతూ పోతుంది. పెద్ద వంపుకు మణికట్టు కాదు, భుజం కదలాలి, కాళ్ళు వెనక్కి నడవాలి. గీతను ఎప్పుడూ మీ వైపుకు లాక్కోండి, అవతలికి తోయకండి. కుడిచేతి వాటం వాళ్ళకు రేకు ఒక పక్క సునాయాసంగా, రెండో పక్క ఎబ్బెట్టుగా వస్తుంది. అందుకని ఒక రేకు పూర్తిచేసి పక్కదానికి వెళ్ళకుండా, చుట్టూ తిరుగుతూ అన్ని రేకుల కుడి పక్కలు మొదట వేసేయండి, తర్వాత ఇంకో చుట్టు అన్ని ఎడమ పక్కలు. తేడా ఉన్నా అన్నింటికీ ఒకే తేడా ఉంటుంది, కన్ను దాన్ని పట్టించుకోదు. నీళ్ళ సీసా మూతకు చిల్లు పెట్టి వాడితే కొత్తవాళ్ళకు గీత సమానంగా వస్తుంది, చూడ్డానికి మాత్రం చేతిగీతకున్న అందం ఉండదు.

మధ్య నుంచి బయటికి రండి, ఒక్కో వలయం రంగు, తెలుపు రెండూ పూర్తయ్యాకే తర్వాతిది. వెనక్కి మళ్ళీ లోపలికి వెళ్ళే అవసరం రాకూడదు. కొంగు నడుముకు బిగించండి, చున్నీ అయితే తీసి పక్కన పెట్టండి. ఏ రంగైనా తప్పు చోట పడితే ఊదకండి, పాత విజిటింగ్ కార్డు అంచుతో గోకి తీసేయండి.

నలుగురు పంచుకోవడం గురించి. మామూలుగా ముగ్గును నాలుగు ముక్కలు చేసి తలా ఒక పక్క కూర్చుంటారు. తొందరగా అవుతుంది, కానీ నాలుగు చేతులు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. ఒకరి రేకు మొన తేలి ఉంటుంది, ఇంకొకరిది మొద్దుగా ఉంటుంది. చోటును కాకుండా పనిని పంచండి. ముగ్గు మొత్తం మీద తెల్లగీత ఒక్కరే వేయాలి, ఎవరి గీత నిలకడగా ఉంటుందో వాళ్ళు. తెల్లపొర జల్లించేది ఒకరు, ముదురు రంగులు ఒకరు, లేత రంగులు ఒకరు. ఒక వలయంలో ఒక రంగు ఒకే చేత్తో పడాలి. మా గేటెడ్ కమ్యూనిటీలో ఈ పంపకం చెప్పినప్పుడు గొణిగినవాళ్ళు ఉన్నారు, అందరికీ తెల్లగీతే కావాలి. అలాంటప్పుడు బయటి అంచును పిల్లలకూ మిగతావాళ్ళకూ ఇచ్చేయండి, స్టెన్సిల్‌తో చుక్కలు, చిన్న ఆకులు పెట్టిస్తే ఎవరి చెయ్యయినా తేడా తెలియదు.

మధ్యమధ్యలో లేచి చూడాలి, కానీ నిలబడి చూస్తే చాలదు. పక్కనే మెట్లు ఉంటే నాలుగైదు మెట్లు ఎక్కి, రెండు వేర్వేరు వైపుల నుంచి చూడండి. ఫోన్‌లో ఫోటో తీసి దాన్ని అద్దంలోలా తిప్పి చూస్తే ఇప్పటిదాకా కంటికి అలవాటైపోయిన వంకర ఒక్కసారిగా బయటపడుతుంది. ఎక్కువ వెడల్పు చూపే 0.5 కెమెరాతో తీయకండి, అది అంచుల్ని సాగదీస్తుంది, లేని వంకరకు టెన్షన్ పడతారు. ఏ రేకు మీద అనుమానం వచ్చినా దానికి ఎదురు రేకుతో కలిపి టేపు పెట్టి మధ్య చుక్క నుంచి కొలవండి.

గొబ్బెమ్మలు పెట్టేటట్టయితే వాటికి ముందే చోటు వదలండి. ఒకటైతే మధ్యలో, ఎక్కువైతే నాలుగు గుర్తుల దగ్గరే పెట్టాలి, లేదంటే ఇంత కష్టపడి కుదిర్చిన ముగ్గు ఒక పక్కకు బరువెక్కినట్టు ఉంటుంది. పేడ తడి చుట్టూ ఉన్న రంగులోకి పాకకుండా కింద చిన్న విస్తరాకు ముక్క వేయండి.

రాత్రి వేసి వదిలేస్తే సెల్లార్‌లో మంచు భయం లేదు. భయమల్లా తెల్లవారుజామున కార్లు కడిగే నీళ్ళతోనే. నేల వాలు ఎటుందో చూసుకుని, పై వైపు కడగొద్దని ముందే చెప్పి ఉంచండి. గేటు బయట వేస్తే మాత్రం భోగి మంట దగ్గరికి వచ్చే జనం, మంచు, కుక్కలు అన్నీ కలుస్తాయి, అక్కడ రంగులు తెల్లవారుజామునే నింపుకోవాలి, రాత్రి చాక్‌పీస్ గీతలతో ఆపేయండి.

తీసేటప్పుడు పొరపాటున కూడా నీళ్ళు పోయకండి. రంగు టైల్స్ సందుల్లోకి, బండల గరుకులోకి దిగి నెలల తరబడి కనిపిస్తుంది, తర్వాత మీటింగ్‌లో ఆ మాటలు మీరే పడాలి. మెత్తటి చీపురుతో పొడిగా బయటి నుంచి లోపలికి ఊడ్చి, చేటతో ఎత్తి సంచిలో వేయండి. ఆ కలగాపులగం పొడి పారేయనక్కర్లేదు. జల్లించి దాచుకుంటే కొత్తవాళ్ళు గీత ప్రాక్టీస్ చేయడానికి పనికొస్తుంది. ఊడ్చాక తడిబట్టతో ఒకసారి, ఆరాక ఇంకోసారి తుడిస్తే చాలు.